ముందు రేడియేషన్ సంగతి తేల్చుకోండి, కొత్త రొమ్ము సంగతి ఆ తర్వాత

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ అక్కకి 43 ఏళ్లు. ఎడమ రొమ్ములో గడ్డ, బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. గడ్డ పెద్దది, చంకలో గ్రంథులకు కూడా పాకింది కాబట్టి రొమ్ము మొత్తం తీసేయాలన్నారు. కావాలంటే అదే ఆపరేషన్‌లో కొత్త రొమ్ము కూడా చేస్తామన్నారు. బావగారు సరేనన్నారు. అత్తగారేమో "ప్రాణం దక్కితే చాలదా, పెళ్లీడుకొచ్చిన పిల్లని ఇంట్లో పెట్టుకుని నీకీ సోకులెందుకు" అన్నారు. ఆ రోజు నుంచి మీ అక్క ఆ ఊసే ఎత్తడం లేదు. ఇప్పుడే చేయించాలా, తర్వాత చేయించాలా, అసలు అవసరమా, పొట్ట కొవ్వుతో మంచిదా సిలికాన్‌తో మంచిదా, లోపల క్యాన్సర్ మళ్లీ వస్తే తెలుస్తుందా అని అడిగారు.

నేను సర్జన్‌ని కాను. హైదరాబాదులో ముందు క్యాన్సర్ సర్జరీ వార్డులో, తర్వాత ప్లాస్టిక్ సర్జరీ వార్డులో, మొత్తం 22 ఏళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఆపరేషన్ అయిన రాత్రి పేషెంటు మంచం పక్కన ఉండేది మేమే. మొదటిసారి కట్టు విప్పినప్పుడు వాళ్లు కిందికి చూసుకుంటారా, తల పక్కకి తిప్పుకుంటారా అన్నది చూసేదీ మేమే. అక్కడి నుంచి తెలిసింది చెప్తాను. మీ అక్క రిపోర్టులు చూసిన డాక్టర్ల మాటే ఆఖరిది.

ముందు అత్తగారి మాట. ఆవిడ చెడ్డగా అన్నారని నేననుకోను. క్యాన్సర్ అనగానే మన ఇళ్లల్లో అందరికీ మొదట కనిపించేది చావే. కానీ ఇది సోకు కాదు. రొమ్ము తీసేశాక ఒకవైపు బరువు ఉంటుంది, ఇంకోవైపు ఉండదు. కాస్త భారీగా ఉన్నవాళ్లకి మెడ, భుజం లాగుతుంటాయి. జాకెట్టు ఒకవైపు వదులై జారుతుంది. లోపల గుడ్డ మడిచి పెట్టుకుంటే వంగినప్పుడల్లా అది పైకి ఎగదన్నుతుంది, పైట సర్దుకోవడమే రోజంతా పనైపోతుంది. పెళ్లిళ్లకి, పేరంటాలకి వెళ్లడం మానేసినవాళ్లని చూశాను. అలాగే రొమ్ము లేకుండానే హాయిగా, ఏ లోటూ అనుకోకుండా తిరిగేవాళ్లనీ అంతమందిని చూశాను. "నాకింక కత్తి వద్దు సిస్టర్" అని తేల్చి చెప్పినవాళ్లు నాకు తెలిసి ఎప్పుడూ బాధపడలేదు. బాధపడింది తమ తరఫున ఇంకొకరు నిర్ణయం చేసినప్పుడు. అది వద్దని చేసిన నిర్ణయమైనా సరే, కావాలని చేసిందైనా సరే. కాబట్టి మీ అక్కని ఒక్కదాన్నే కూర్చోబెట్టి "నీకేం కావాలి" అని మీరు అడగండి. బావగారు కూడా పక్కన లేనప్పుడు అడగండి.

ఇంకొకటి అడిగి తెలుసుకోండి. ముందు కీమో ఇచ్చి గడ్డ తగ్గాక, రొమ్ము మొత్తం తీయకుండా గడ్డ వరకే తీసే వీలుందా అని. మీరు రాసిందాంట్లో ఆ ప్రస్తావన లేదు. చిన్న గడ్డలకి గడ్డ మాత్రం తీసి రేడియేషన్ ఇచ్చినా, రొమ్ము మొత్తం తీసినా ప్రాణానికి భరోసా సమానమేనని ఇటలీలోని మిలాన్‌లోనూ అమెరికాలోనూ 20 ఏళ్లు వెంబడించి చూసి 2002లో తేల్చారు. గడ్డ పెద్దదైనప్పుడు ముందు కీమోతో కరిగించి ఆ దారికి తేవడం ఇప్పుడు చాలాచోట్ల చేస్తున్నారు. అందరికీ కుదరదు. గడ్డలు రెండు మూడు చోట్ల ఉంటే, చర్మానికి పాకితే మామూలుగా కుదరదు. కానీ అడగకుండా వదిలేయకండి.

రొమ్ము మొత్తం తీయక తప్పదన్నారే అనుకుందాం. అప్పుడు మీరు మొదట అడగాల్సింది పొట్టా, వీపా, సిలికానా అని కాదు. "ఆపరేషన్ తర్వాత రేడియేషన్ ఉంటుందా?" అని. మన ఊళ్లల్లో కరెంటు పెట్టడం అంటారే, అదే. చంకలో గ్రంథులకి పాకింది, గడ్డ పెద్దది అంటున్నారు కాబట్టి మీ అక్కకి అది దాదాపు ఖాయమనే అనుకోండి. మిగతా లెక్కంతా దాని మీదే నడుస్తుంది.

ఎందుకో చెప్తాను. సిలికాన్ ఇంప్లాంట్ పెడితే ఒంట్లోకి వచ్చిన పరాయి వస్తువు చుట్టూ శరీరం ఒక పల్చటి పొర కట్టుకుంటుంది. అది అందరికీ జరిగేదే. దాని మీద రేడియేషన్ పడితే ఆ పొర దళసరెక్కి, గట్టిపడి, ఇంప్లాంట్‌ని పిడికిలి బిగించినట్టు నొక్కుతుంది. రొమ్ము రాయిలా అవుతుంది, పైకి లాక్కుపోతుంది, నొప్పి పెడుతుంది. కొందరికి మళ్లీ తీసేయాల్సి వస్తుంది. సొంత కండా కొవ్వుతో చేసిన రొమ్ము రేడియేషన్‌ని అంతకంటే బాగా తట్టుకుంటుంది కానీ, అది కూడా కొంత కుంచించుకుపోవచ్చు, అక్కడక్కడ గట్టిపడొచ్చు. అందుకని రేడియేషన్ తప్పదని తెలిసినవాళ్లకి చాలామంది సర్జన్లు ముందు రొమ్ము తీసి, కీమో, రేడియేషన్ అన్నీ ముగించి, చర్మం మెత్తబడడానికి ఆరు నెలల నుంచి ఏడాది ఆగి, అప్పుడు పొట్ట నుంచో వీపు నుంచో తెచ్చి రొమ్ము చేస్తారు. సొంత కండతో అదే రోజు చేసి తర్వాత రేడియేషన్ ఇచ్చే సెంటర్లూ ఉన్నాయి. ఇంకొందరు తాత్కాలికంగా ఎక్స్‌పాండర్ అనే సంచి పెట్టి, చర్మం ముడుచుకుపోకుండా చోటు ఆపి ఉంచుతారు.

మీ అక్క పరిస్థితిలో మా చెల్లెలు ఉంటే ఆగమనే చెప్తాను. దానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆపరేషన్ తర్వాత కీమో మిగిలి ఉంటే మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాల్లో మొదలుపెట్టాలి. పెద్ద ఆపరేషన్ చేయించుకుని, గాయం ఒకచోట మానక చీము పట్టిందనుకోండి, కీమో వెనక్కి పోతుంది. ఆ ఆలస్యం మంచిది కాదు. రొమ్ము ఏడాది తర్వాతైనా చేయించుకోవచ్చు, పదేళ్ల తర్వాతైనా చేయించుకోవచ్చు. తీసేసిన ఎనిమిదేళ్లకి వచ్చి చేయించుకుని వెళ్లినావిడ మా వార్డులోనే ఉన్నారు. "ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు" అని ఎవరైనా తొందరపెడితే నమ్మకండి.

రేడియేషన్ అవసరం లేని వాళ్ల సంగతి వేరు. వాళ్లకి అదే రోజు చేయడమే చాలా రకాలుగా మేలు. సొంత చర్మం అలాగే మిగులుతుంది, రొమ్ము లేని ఛాతీని అసలు చూసుకోవాల్సిన రోజే రాదు.

కింద క్యాన్సర్ దాక్కుంటుందేమోనన్న భయం గురించి. కొత్త రొమ్ము చేయించుకోవడం వల్ల క్యాన్సర్ తిరిగి రావడం పెరగదు, వచ్చింది కనపడకుండానూ పోదు. రొమ్ము తీసినచోట తిరిగి వస్తే ఎక్కువగా చర్మంలోనో, చర్మం కిందనో చేతికి తగిలేలా వస్తుంది. ఒకటి మాత్రం ముందే తెలిసి ఉండాలి. పొట్ట కొవ్వుతో చేసిన రొమ్ములో కొంత కొవ్వుకి రక్తం అందక గోళీలా గట్టిపడుతుంది. కొన్ని నెలలకి స్నానం చేస్తుంటే అది చేతికి తగులుతుంది. ఆ పూట వాళ్లు పడే టెన్షన్ అంతా ఇంతా కాదు, ఏడుస్తూ ఫోన్ చేస్తారు. ఎక్కువసార్లు అది చచ్చిన కొవ్వే. అయినా మీకు మీరే కొవ్వని సరిపెట్టుకోకుండా స్కానింగ్, అవసరమైతే సూదితో ముక్క తీసే పరీక్ష చేయించాల్సిందే. రెండో రొమ్ముకి ఏటా మామోగ్రామ్ మానకూడదు.

ఇక ఎలా చేస్తారన్నది. ఎక్కువమంది మా దగ్గర అడిగేది పొట్ట గురించే కాబట్టి అదే వివరంగా చెప్తాను.

బొడ్డు కింద నుంచి అటు తుంటి ఎముక దగ్గర నుంచి ఇటు తుంటి దాకా, పడవ ఆకారంలో చర్మం, కొవ్వు తీస్తారు. 1982లో అట్లాంటాలో హార్ట్రాంఫ్ అనే సర్జన్ దీన్ని పొట్ట కండతో సహా పైకి తిప్పి రొమ్ము చేసే పద్ధతి ప్రకటించారు. దాన్ని ట్రామ్ ఫ్లాప్ అంటారు. ఫ్లాప్ అంటే ఇలా ఒకచోట నుంచి ఇంకోచోటికి మార్చిన చర్మం, కొవ్వు, కండ. కండ పోవడం వల్ల పొట్ట బలహీనపడి, కొందరికి హెర్నియా వచ్చేది. తర్వాత కండని వదిలేసి, దాని గుండా వచ్చే సన్నటి రక్తనాళాలని మాత్రం జాగ్రత్తగా వేరు చేసి, చర్మాన్నీ కొవ్వునీ తీసుకుని ఛాతీలోని రక్తనాళాలకి మైక్రోస్కోప్ కింద కుట్టే పద్ధతి వచ్చింది. అది డీప్ ఫ్లాప్. ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ముందురోజుల్లో పొట్టకి సీటీ యాంజియో తీసి ఏ రక్తనాళం ఎక్కడుందో మ్యాప్ వేసుకుంటారు.

ఆ మొదటి రాత్రి ఎలా ఉంటుందో చెప్తాను, ఎందుకంటే ఆస్పత్రి ఎంచుకోవడంలో అదే ముఖ్యం. గంట గంటకీ లేచి కొత్త రొమ్ము మీద చర్మాన్ని వేలి వెనకవైపుతో తాకి చూస్తాం. వెచ్చగా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు మూడు సెకన్లలో మళ్లీ రంగు తిరగాలి. తిరగకుండా పాలిపోయి చల్లబడితే లోపలికి రక్తం రావడం లేదని. నీలంగా, ఉబ్బి, నొక్కగానే టక్కున రంగు వచ్చేస్తుంటే వచ్చిన రక్తం బయటికి పోవడం లేదని. చిన్న డాప్లర్ పెన్ను పెట్టి శబ్దం కూడా వింటాం, గాలి ఉఫ్ ఉఫ్ మని ఊదినట్టు వస్తుంది. ఏ మాత్రం తేడా ఉన్నా అర్ధరాత్రయినా సరే వెంటనే థియేటర్‌కి తీసుకెళ్లి నాళం విప్పి చూడాలి, కొన్ని గంటల్లోపే చేస్తే నిలబెట్టొచ్చు. తెల్లారేదాకా ఆగితే చెయ్యిదాటిపోతుంది. చెయ్యి తిరిగిన టీమ్ దగ్గర ఫ్లాప్ మొత్తం పోవడం నూటికి ఒకటి రెండు. అందుకే సర్జన్‌ని "మీరిలాంటివి ఏడాదికి ఎన్ని చేస్తారు, రాత్రి డ్యూటీలో ఫ్లాప్ చూడడం తెలిసిన నర్సులున్నారా, అవసరమైతే రాత్రి థియేటర్ తెరుస్తారా" అని మొహమాటపడకుండా అడగండి. మంచి సర్జన్ ఈ ప్రశ్నకి కోపం తెచ్చుకోరు.

మన రెండు రాష్ట్రాల్లో చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్నవాళ్లు చాలా ఎక్కువ. మీ అక్కకి అలాంటిదేమైనా అయిందా? అడ్డంగా కోసిన సిజేరియన్ మచ్చ, గర్భసంచి ఆపరేషన్ మచ్చ మామూలుగా అడ్డం కావు. బొడ్డు కింద నిలువుగా కోసి ఉంటే ఆ గీత దాటి అవతలి సగానికి రక్తం సరిగా అందదు, ప్లాన్ మార్చుకోవాలి. పాత పద్ధతిలో పక్కటెముకల కింద కోసి పిత్తాశయం తీయించుకున్నా అంతే. పిల్లలు పుట్టకుండా చేసిన ఆపరేషన్‌తో సహా పొట్ట మీద పడిన ప్రతి కుట్టూ సర్జన్‌కి చెప్పండి. పాత డిశ్చార్జి కాగితాలుంటే పట్టుకెళ్లండి.

ఇంటికొచ్చాక మొదటి వారం పది రోజులు నిటారుగా నిలబడలేరు. నడుము కాస్త వంచే నడుస్తారు, పడుకున్నప్పుడు మోకాళ్ల కింద దిండ్లు ఉండాలి. పొట్టకి బెల్టు ఆరు వారాల వరకూ ఉంటుంది. బిందెలు, గ్యాస్ సిలిండర్, పిల్లల్ని ఎత్తడం, ఏవీ అప్పటిదాకా వద్దు. ఎవరూ ముందు చెప్పని చిన్న విషయం ఒకటుంది. పొట్ట మీద కుట్ల గీత సరిగ్గా లంగా బొందు కట్టుకునే చోటికి దగ్గర్లో పడుతుంది. బొందు బిగించి కడితే అక్కడ ఒరుసుకుని పుండు పడుతుంది. రెండు మూడు నెలలు నైటీలు, లేదా వెడల్పాటి ఎలాస్టిక్ లంగాలు వాడమని చెప్పండి. నైటీ ముందు బొత్తాలున్నదే కావాలి, చేతులు పైకెత్తి తల మీంచి వేసుకోవడం కుదరదు.

వీపు కండతో చేసేది ఎల్‌డీ ఫ్లాప్. ఇటలీ సర్జన్ తాన్సీనీ వందేళ్ల కిందటే వాడిన కండ ఇది, కాబట్టి మనమీద చేసే ప్రయోగం కాదు. ఆపరేషన్ చిన్నది, మూడు నాలుగు గంటలు. మైక్రోస్కోప్ కూడా అక్కర్లేదు, కండకి దాని రక్తనాళం అంటుకునే ఉంటుంది. జిల్లా కేంద్రాల్లో కూడా చేసే సర్జన్లున్నారు. పొట్టలో కొవ్వు లేని సన్నటివాళ్లకీ, పెద్ద ఆపరేషన్ తట్టుకోలేనివాళ్లకీ బాగుంటుంది. వీపులో కండ పల్చగా ఉంటుంది కాబట్టి రొమ్ము పెద్దదైతే కింద ఇంప్లాంట్ కలపాల్సి రావొచ్చు. వీపులో నీరు చేరడం మాత్రం మామూలే, కొన్నిసార్లు వారానికోసారి వచ్చి సిరంజితో తీయించుకోవాలి. ఇంటి పనికి తేడా తెలియదు. బావిలో నీళ్లు చేదడం, పై నుంచి బరువు కిందికి లాగడం లాంటి పని రోజూ చేసేవాళ్లు మాత్రం ఆ మాట డాక్టరుకి చెప్పాలి.

ఇంప్లాంట్ గురించి మీ అక్కకి రేడియేషన్ ఉంటే ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. అయినా ఎవరైనా పెట్టించుకునేటట్టయితే అది జీవితాంతం ఉండేది కాదని, ఏదో ఒక రోజు మార్చాల్సి రావొచ్చని తెలిసే పెట్టించుకోవాలి. లోపల పగిలినా పైకి తెలియకపోవచ్చు. అందుకే పెట్టిన ఐదారేళ్లకి మొదటిసారి, ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి ఎంఆర్ఐ గానీ అల్ట్రాసౌండ్ స్కానింగ్ గానీ చేయించమని అమెరికాలో మందుల్నీ వైద్య పరికరాల్నీ నియంత్రించే ఎఫ్‌డీఏ సలహా. గరుకు ఉపరితలం ఉన్న ఇంప్లాంట్ల చుట్టూ లింఫోమా అనే అరుదైన రకం క్యాన్సర్ వస్తోందని 2019 జులైలో అలర్గాన్ కంపెనీ బయోసెల్ రకాన్ని ప్రపంచమంతా వెనక్కి తీసుకున్నారు. నున్నటిది పెట్టమని అడగండి. ఇంప్లాంట్‌తో వచ్చే కార్డు పట్టాదారు పాసుపుస్తకంలా దాచుకోండి.

ఎలా చేయించుకున్నా కొత్త రొమ్ముకి స్పర్శ ఉండదు. ఆకారం వస్తుంది, బరువు వస్తుంది, జాకెట్టు సరిగా కూర్చుంటుంది, కానీ తాకితే తెలియదు. కొందరికి ఏళ్ల మీద కొంచెం తిరిగి వస్తుంది. ఇది ముందే చెప్పాలి, చాలామందికి చెప్పరు. కొన్నేళ్ల కిందట ఒకావిడ చలికాలంలో భుజం నొప్పికి వేడినీళ్ల బ్యాగు పెట్టుకుని పడుకున్నారు. నిద్రలో అది కొత్త రొమ్ము మీదికి జారింది. పొద్దున జాకెట్టుకి తడి తగిలితే చూసుకున్నారు, అరచేయంత బొబ్బ. నొప్పే తెలియలేదు. అంత కష్టపడి నిలబెట్టిన చర్మం అక్కడ పోయింది. హాట్ బ్యాగు, కాపడం, ఐసు ముక్కలు, ఏవీ ఆ వైపు వద్దు. పొయ్యి దగ్గర వంగినప్పుడు కూడా జాగ్రత్త.

చనుమొనని రొమ్ము చేసిన మూడు నాలుగు నెలలకి చిన్న ఆపరేషన్‌తో చేస్తారు, చుట్టూ రంగు టాటూతో వేస్తారు. సగంమంది అక్కడిదాకా రారు, జాకెట్టులో తేడా తెలియనప్పుడు ఇంకెందుకంటారు. రెండు రొమ్ములూ అచ్చుగుద్దినట్టు ఉండవని కూడా మీ అక్కకి చెప్పండి. అవసరమైతే రెండోదాన్ని కాస్త తగ్గిస్తారు, లేదా పైకెత్తుతారు.

మీ అక్క వద్దంటే, లేదా ఆగుదామంటే, సర్జన్‌తో ఒక మాట అనండి: చంక దగ్గర చర్మం ముడతలు వేలాడకుండా చదునుగా కుట్టమని. గాయం బాగా మానాక సిలికాన్ ప్యాడు, జేబున్న బ్రా వాడొచ్చు. బరువు సమంగా ఉండేది ఎంచుకోవాలి. వేసవిలో చెమట పడితే దూది నింపిన నూలు ప్యాడ్లే హాయి. రొమ్ము చేయించుకున్నా మానుకున్నా చేతి వ్యాయామాలు మాత్రం డాక్టరు చెప్పిన రోజు నుంచీ మొదలుపెట్టాలి. రేడియేషన్ బల్ల మీద చెయ్యి తల పైకి ఎత్తి కదలకుండా పడుకోవాలి. భుజం బిగుసుకుపోయి చెయ్యి లేవక, రేడియేషన్ వాయిదా పడినవాళ్లున్నారు. ఫిజియోథెరపిస్టు నేర్పినట్టు గోడ మీద వేళ్లతో పైకి పాకించడం రోజూ చేయించండి.

డబ్బు విషయం. ఇన్సూరెన్స్ ఉంటే, "ప్లాస్టిక్ సర్జరీ కదా, ఇవ్వం" అని టీపీఏ వాళ్లు, అంటే కంపెనీ తరఫున క్లెయిములు చూసేవాళ్లు, ఒక మాట అనేస్తారు, మనవాళ్లు వెనక్కి వచ్చేస్తారు. రావొద్దు. ఇన్సూరెన్స్ కంపెనీల్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలకీ ఒకే రకంగా రాయించిన మినహాయింపుల్లో కోడ్ 08 కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీ గురించి. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి ఆ మినహాయింపు వర్తించదని అందులోనే ఉంది. పాలసీ కాగితంలో ఆ పేరా దగ్గర గీత గీసి చూపించండి. సర్జన్ లెటర్లో "క్యాన్సర్ వల్ల రొమ్ము తీసిన తర్వాతి పునర్నిర్మాణం" అని స్పష్టంగా రాయించుకోండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్య సేవ మీద వెళ్తుంటే, ఆస్పత్రిలో ఆ పథకం కౌంటర్లో కూర్చునే ఉద్యోగిని (మిత్ర అంటారు) అడిగి, అప్రూవ్ అయిన ప్యాకేజీలో రొమ్ము తీయడం ఒక్కటే ఉందా, పునర్నిర్మాణం కూడా ఉందా అని ఆపరేషన్‌కి ముందే చూపించమనండి. అమెరికాలో ఉన్న మనవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, అక్కడ 1998 చట్టం ప్రకారం రొమ్ము తీయడానికి డబ్బిచ్చే ఇన్సూరెన్స్ పునర్నిర్మాణానికీ, రెండో రొమ్ముని సరిచేయడానికీ కూడా ఇవ్వాలి.

అత్తగారిని ఈసారి డాక్టరు దగ్గరికి మీతో తీసుకెళ్లండి. ఇంట్లో మీరు వంద చెప్పినా వినని పెద్దవాళ్లు డాక్టరు ఎదురుగా కూర్చుని పది నిమిషాలు వింటే మారడం చాలాసార్లు చూశాను. మారకపోయినా, కనీసం మీ అక్క ఏం అనుభవించబోతోందో ఆవిడకి తెలుస్తుంది. గాయంలోంచి కారే నీరు చేరే డ్రెయిన్ బాటిల్‌ని ఇంట్లో రోజూ కొలిచి రాసేదీ, అన్నం కలిపి పెట్టేదీ ఆవిడే కావొచ్చు.

మీరు రాయని విషయం ఒకటుంది: మీ అక్కకి షుగర్ ఉందా? షుగర్ అదుపులో లేకపోతే ఇప్పుడైనా తర్వాతైనా గాయం మానదు, ఫ్లాప్ అంచులు నల్లబడతాయి. ఈ వారంలోనే మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించండి. పొగాకు, గుట్కా, నస్యం లాంటివి ఏమున్నా నెల ముందే పూర్తిగా ఆపించండి. హార్మోన్ మాత్రలు, రక్తం పల్చబడే మాత్రలు ఏవైనా వాడుతుంటే పేర్లతో సహా రాసి సర్జన్‌కి ఇవ్వండి, ఎప్పుడు ఆపాలో వాళ్లు చెప్తారు. మీ అంతట మీరు ఒక్కటి కూడా ఆపొద్దు.